చారల చేప, గోలీల తొట్టి

1822లో ఎడింబరోలో గంగానది మత్స్యాలను వర్ణించే గ్రంథమొకటి వెలువడింది. దానిని వ్రాసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడుగా పనిచేసినవాడు. కోసీ నదిలో దొరికే రెండంగుళాల చారల చేప ఒకదానిని అందులో వర్ణించి, ‘రెరియో’ అని పేరు పెట్టాడు. అదే నేటి జీబ్రా చేప. వరిచేలలోను, మెల్లగా పారే కాలువలలోను ఇది గుంపులుగా తిరుగుతుంది.

ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇది ఐరోపా చేరి, ఇళ్లలోని అద్దాల తొట్లకు అలంకారమైంది. ఆరేడింటిని కలిపి వదిలితే గాని దీని అందం తెలియదు. పెంపకందారులకు చిక్కు వచ్చింది గ్రుడ్ల దగ్గర. తెల్లవారి వెలుగు సోకగానే ఆడచేప వందకు పైగా గ్రుడ్లు విడువగలదు. అవి దేనికీ అంటుకొనక నేరుగా అడుగుకు జారుతాయి. జారిన గ్రుడ్లను కన్న చేపలే తినివేస్తాయి! తొట్టి అడుగున గోలీలు పరచడమే దీనికి ఉపాయం. పిల్లలు ఆడుకొనే గోలీలే. గ్రుడ్లు వాటి సందులలోకి దిగిపోతే చేప మూతి అక్కడికి పోదు.

ఏడాది పొడుగునా కోరిన వేళకు ఈ గ్రుడ్లను రాబట్టే పద్ధతిని 1934లో అమెరికాలో చార్లెస్ క్రీజర్ ప్రకటించాడు. పిండాభివృద్ధిని చూడడానికి ఇంతకంటె అనువైన గ్రుడ్డు అరుదు. కోడిగ్రుడ్డుకైతే పెంకులో కిటికీ కోయాలి. ఇది గాజువలె పారదర్శకం. 28 డిగ్రీల వెచ్చదనంలో ఒక దినం గడిచేసరికి గుండె కొట్టుకొనడం సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. రెండు మూడు దినాలకు పిల్ల వెలువడుతుంది.

బాక్టీరియాలను సంహరించే వైరస్‌లపై పనిచేసిన జార్జి స్ట్రైసింగర్‌కు వెన్నెముక గల ప్రాణి ఒకటి కావలసి వచ్చింది. ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో అతడు దుకాణంలో కొన్న జీబ్రా చేపలతోనే పని ఆరంభించాడు. శుక్రకణాలలోని జన్యుపదార్థాన్ని అతినీలలోహిత కిరణాలతో నిర్వీర్యం చేసి, కేవలం తల్లి జన్యువులే గల పిల్లలను పెంచి, 1981లో ఫలితాలు ప్రకటించాడు. తరువాత ఎన్నో దేశాల ప్రయోగశాలలు ఈ చేపను చేపట్టాయి. మానవుని జన్యువులలో దాదాపు 70 శాతానికి దీనిలో సాటి జన్యువులున్నట్లు 2013లో తేలింది.

కాని తొట్లలో తరతరాలుగా పెరిగిన చేప నదిలోని చేపగా మిగలలేదు. పిల్ల ఆడదో మగదో నిర్ణయించే భాగం నదుల చేపలకు నాలుగవ క్రోమోజోమ్‌లో ఉన్నదని, పేరుపొందిన ప్రయోగశాల వంశాలలో అది నశించినదని 2014లో బయటపడింది. ఆ సంగతి తేల్చడానికి బెంగాలులోని నదియా ప్రాంతపు చేపల సంతతిని కూడ పరీక్షించవలసి వచ్చింది.