మేళంవాళ్ళ పేర్లు ఎవరికి గుర్తు?

మా ఇంట్లో ఒక పాత పెండ్లి ఫోటో ఉంది. 1970లలో హోసూరు దగ్గరి పల్లెలో తీసింది. కొబ్బరాకుల పందిరి, పీటల మీద పెండ్లికొడుకు, పెండ్లికూతురు, చుట్టూ చుట్టాలు. అందులో ఉండే ప్రతి ముఖానికీ మా అవ్వ పేరు చెప్పేది. ఈయన బాగలూరు మామ, ఆమె బేరికె పిన్నమ్మ, ఆ చంకలో బిడ్డ ఇప్పుడు బెంగళూరులో ఇంజనీరు. ఫోటోలో ఎడమ పక్క అంచున నలుగురు కూర్చొని ఉన్నారు. ఇద్దరి చేతుల్లో నాదస్వరాలు, ఒకరి ముందు డోలు, ఇంకొకరి చేతిలో తాళాలు. వాళ్ళెవరవ్వా అని అడిగితే, "వాళ్ళా, మేళంవాళ్ళు" అనింది. అంతే. పేరు లేదు, ఊరు లేదు.

ఆ ఫోటో మళ్ళీ గుర్తుకు రావడానికి ఒక కారణం ఉంది. మా ఇంటి పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తారు. వాళ్ళకు జాజ్ సంగీతం పిచ్చి. హోసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లే కదా, ఒకసారి రండి అని మమ్మల్ని వైట్‌ఫీల్డులో ఒక హాలుకు తీసుకొని పోయినారు. మాకు అర్థమయ్యే సంగీతం కాదని ముందే అనుకొన్నాం. ఒక గంట పోయినాక కొంచెం దారి తెలిసింది. మొదట అందరూ కలిసి ఒక పాట వరుస వాయిస్తారు. తరువాత ఒక్కొక్కరుగా దాన్ని తమ మనసుకొద్దీ పెంచుకొంటూ పోతారు. చివర మళ్ళీ అందరూ కలిసి మొదటి వరుసకు వస్తారు. మన కచేరీలో కీర్తన పాడి, నెరవు చేసి, కల్పనస్వరాలు వేసి, మళ్ళీ పల్లవికి వచ్చినట్టే. మృదంగం, ఘటం వాళ్ళకు తని ఆవర్తనం ఇచ్చినట్టే డ్రమ్ము వాయించే అతనికీ వేరుగా సమయం ఇచ్చినారు. తేడా ఏమంటే, మనం ఒక రాగంలోనే లోతుకు పోతాం. వాళ్ళకు అడుగున స్వరాల గుంపులు మారుతూ పోతుంటాయి, ఆ మార్పును పట్టుకొని వాయించాలి.

మాకు సంగీతం కంటే ఎక్కువగా తగిలింది ఇంకొకటి. ఒక్కొక్కరు వాయించి ముగించగానే, ముందు నిలబడిన ఆయన వాళ్ళ పేరు గట్టిగా చెప్పినాడు. జనం చప్పట్లు కొట్టినారు. చివరలో మళ్ళీ అందరి పేర్లూ చెప్పినాడు. వెనక మూలలో పెద్ద వీణలాంటి బేస్ వాయించే అతని పేరు కూడా. ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఒక పిల్ల అడిగింది: "మన హోసూరులో ఇట్లాంటి సంగీతం ఎందుకు లేదు?" ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కొంటూ పోతే మా పెండ్లి పందిరి దగ్గరికే వచ్చి చేరినాం.

జాజ్ పుట్టింది అమెరికాలో, న్యూ ఆర్లియన్స్ ఊరిలో, 20వ శతాబ్దం మొదట్లో. పుట్టించింది నల్లజాతి జనం. అది మొదట హాళ్ళలో టికెట్టు పెట్టి విన్న సంగీతం కాదు. ఆ ఊరిలో ఊరేగింపులకూ, చావులకూ ఇత్తడి వాద్యాల మేళం పిలిచేవాళ్ళు. ఆ మేళాలకు డబ్బు ఎవరిచ్చేవాళ్ళు? జమీందార్లు కాదు. పేద జనమే సంఘాలు కట్టుకొని, నెలనెలా చందా వేసుకొనేవాళ్ళు. జబ్బు చేస్తే మందుకు, చనిపోతే అంత్యక్రియలకు, ఆ అంత్యక్రియల్లో మేళానికి ఆ చందా డబ్బే. మన దగ్గర చీటీలు వేసుకొన్నట్టు. తరువాత రోజుల్లో ముసలి వాద్యగాళ్ళకు పని లేకుండా పోతే, 1961లో ప్రిజర్వేషన్ హాల్ అని ఒక చిన్న చోటు మొదలయింది. పెద్ద హంగులేమీ లేవు. విన్నవాళ్ళు ఇష్టమైనంత బుట్టలో వేసి పోయేవాళ్ళు. ఆ హాలు ఇప్పటికీ ఉంది.

ఇక జాజ్ అంటే అందరికీ గుర్తొచ్చే వాద్యం సాక్సోఫోన్. అది అమెరికాలో పుట్టలేదు. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ దాన్ని తయారు చేసి, 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకొన్నాడు. అక్కడి సైనిక బ్యాండులనుంచి లోకమంతా పోయింది. మైసూరు రాజుల ప్యాలెస్ బ్యాండుకూ వచ్చింది. ఆ బ్యాండులోనే దక్షిణ కన్నడ జిల్లా పిల్లవాడు ఒకడు సాక్సోఫోన్ మొదటిసారి విన్నాడు. ఆయనే కద్రి గోపాల్‌నాథ్. 1949లో పుట్టినాడు, తండ్రి నాదస్వరం వాయించేవాడు. సాక్సోఫోన్‌లో స్వరాలు మీటలకు కట్టుబడి ఉంటాయి. మన గమకం అట్లా కట్టుబడి ఉండదు, స్వరం నుంచి స్వరానికి జారాలి, ఊగాలి. పెదవితో, ఊపిరితో ఆ జారుడు తెప్పించడానికి ఆయన ఏళ్ళ తరబడి సాధన చేసినాడు. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో అమెరికా సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ హ్యాండీ ఆయన వాయించింది విని, తానూ వేదిక ఎక్కి కలిసి వాయించినాడు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్ కచేరీకి పిలుపు వచ్చింది. 2004లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కన్నుమూసినాడు.

ఆయన పేరు పెరిగే కొద్దీ మా పక్క పెండ్లిళ్ళలో సాక్సోఫోన్ కనిపించసాగింది. డోలు అదే, తాళం అదే, నాదస్వరం చోట సాక్సోఫోన్. మొదటిసారి దాన్ని చూసినప్పుడు మా అవ్వ, "ఏమిరా ఇది, ఇత్తడి గొట్టంలో సన్నాయి పలుకుతా ఉండాది!" అనింది. అవ్వ అన్న మాటలో తప్పేమీ లేదు. పలికింది త్యాగరాజస్వామి తెలుగు కీర్తనే. తమిళం మాట్లాడే వాద్యగాడు, కన్నడ దేశంలో పేరు తెచ్చుకొన్న వాద్యం, తెలుగు సాహిత్యం. మా హోసూరు పందిరిలో ఇవి మూడూ ఎప్పుడూ కలిసే ఉంటాయి, ఎవరూ వింతగా చూడరు.

దీనికి ఎదురు దారిలో వచ్చినాయన కూడా ఒకడున్నాడు. చార్లీ మరియానో, 1923లో బోస్టన్‌లో పుట్టిన జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు. చార్లెస్ మింగస్ లాంటి పెద్దవాళ్ళ దగ్గర వాయించినాడు. 1960లలో మలేసియాలో పని చేసేటప్పుడు నాదస్వరం విన్నాడు, మనసు పడినాడు. తరువాత దక్షిణాదికి వచ్చి నాదస్వరం నేర్చుకొన్నాడు. మనం సాక్సోఫోన్ తెచ్చుకొన్నాం, ఆయన మన నాదస్వరం పట్టుకొని పోయినాడు. బెంగళూరులో టి.ఎ.ఎస్. మణిగారు 1964లో పెట్టిన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్‌తో ఆయనకు స్నేహం కుదిరింది. ఆర్.ఎ. రమామణిగారి గాత్రం, మణిగారి మృదంగం, ఘటం, ఖంజిర, మోర్సింగ్‌తో కలిసి ఆయన వాయించిన 'జ్యోతి' రికార్డు 1983లో జర్మనీలోని ఈసీఎం కంపెనీ విడుదల చేసింది. మా ఊరికి గంటన్నర దూరంలో ఉండే విద్వాంసులు లోకంలోని జాజ్ వినేవాళ్ళ ఇండ్లకు చేరినారు. మేము అదే సమయంలో హోసూరులోనే ఉన్నాం, మాకు తెలియనే తెలియదు.

ఇందులో మన తెలుగువాళ్ళు ఎక్కడ అని అడగవచ్చు. అదే 1983లో, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పదిహేనేళ్ళు కూడా నిండకుండానే బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించినాడు. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో దేశదేశాలు తిరిగినాడు. 2014లో, 45 ఏళ్ళకే పోయినాడు. కద్రి గోపాల్‌నాథ్ పక్కన ఏళ్ళ తరబడి వయొలిన్ వాయించింది విజయనగరం ఆమె, ఎ. కన్యాకుమారిగారు.

కన్యాకుమారిగారి పేరుతో ఇంకొక కత ఉంది. కన్నడ తల్లిదండ్రులకు పుట్టి అమెరికాలో పెరిగిన రుద్రేశ్ మహంతప్ప జాజ్ సాక్సోఫోన్ వాయిస్తాడు. చదువుకొనే రోజుల్లో ఆయన అన్న తమాషాకు గోపాల్‌నాథ్ ఆల్బమ్ ఒకటి ఇచ్చినాడంట. తమాషా నిజమైంది. తన వాద్యమే పట్టుకొని, తన తాతముత్తాతల సంగీతం వాయించే మనిషి ఒకడున్నాడని తెలిసి వెతుక్కొంటూ వచ్చినాడు. ఇద్దరూ కలిసి చేసిన ఆల్బమ్ 2008లో వచ్చింది. దాని పేరు 'కిన్స్‌మెన్', అంటే చుట్టాలు. అందులో వయొలిన్ కన్యాకుమారిగారిదే. సొంత నేల విడిచి బతికే కుటుంబాలకు ఆ పేరు వేరుగా వివరించి చెప్పనక్కరలేదు.

నాదస్వరంలోనూ మనకొక పెద్ద దిక్కు ఉండె. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానాగారు శ్రీరంగంలో స్థిరపడినారు. తెలుగువాడు, ముస్లిం, రంగనాథుని ఊరిలో నాదస్వర విద్వాంసుడు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. పొరుగు నేలలో స్థిరపడిన మనలాంటి వాళ్ళ చరిత్రలో ఆయన పేరు ముందు వరసలో రాసుకోవాలి.

ఇవన్నీ తెలుసుకొన్నాక పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. హోసూరులో అప్పటికప్పుడు పెంచి వాయించే సంగీతం లేకపోలేదు. చంద్రచూడేశ్వరుని కొండ కింద తేరు లాగేటప్పుడు ఉంది, దేన్కనికోట బేటరాయస్వామి గుడి ముందు ఉంది, ప్రతి పెండ్లి మంటపంలో ఉంది. లేనిది వినేవాళ్ళు. మేళంవాళ్ళు తోడి రాగం ఆలాపన ఎత్తుకొంటే మేము టిఫిను పంక్తిలో ఉంటాం. మాంగల్యధారణ సమయానికి గట్టిమేళం వినిపిస్తే చాలు, తతిమ్మాదంతా మాకు చప్పుడే.

ఒకప్పుడు ఈ వాద్యాలకు రాజులు, పాళెగార్లు, గుడి మాన్యాలు ఆధారం. అవి పోయినాయి. ఫ్యాక్టరీలు వచ్చినాయి, ఊరు పెరిగింది, జీతాలు పెరిగినాయి, మంటపాలు పెద్దవైనాయి. అంటే ఆధారం ఇప్పుడు మన చేతిలో ఉందన్నమాట. ఆ చెయ్యి ఎట్లా ఉందో మా ఇంటి లెక్కే చెబుతాం. కొన్నేళ్ళ కింద మా ఇంటి పెండ్లిలో పూల అలంకారానికి అడిగినంత ఇచ్చినాం. వీడియో, డ్రోన్ అంటే సరే అన్నాం. మేళం దగ్గరికి వచ్చేసరికి నలుగురు ఎందుకు, ఇద్దరు చాలదా అని బేరం చేసినాం. పైగా వాళ్ళు వాయించేటప్పుడు పక్కనే స్పీకర్లలో సినిమా పాట పెట్టించినాం. నాదస్వరం ఆయన వాద్యం దించి ఒళ్ళో పెట్టుకొని, ఆ పాట ముగిసేదాకా తల వంచుకొని కూర్చొన్నాడు. అది మా వీడియోలోనే ఉంది. అప్పుడు మాలో ఎవరూ గమనించలేదు.

పోయిన ముహూర్తాల్లో మా ఇంట్లో మళ్ళీ ఒక పెండ్లి జరిగింది. ఈసారి పెద్దగా ఏమీ చేయలేదు, నాలుగు పనులు మాత్రం చేసినాం. బేరం ఆడకుండా నలుగురినీ పిలిచినాం. ముందురోజు సాయంత్రం ఒక గంట స్పీకర్లు ఆపేసి, మేళం ముందర కుర్చీలు వేసినాం, మీకిష్టమైనది వాయించండి అన్నాం. పెండ్లి పత్రికలో చుట్టాల పేర్ల కింద వాళ్ళ నలుగురి పేర్లూ, ఊర్లూ అచ్చు వేసినాం. వాయించడం ముగిసినాక మా పెద్దాయన లేచి ఒక్కొక్కరి పేరూ చెప్పినాడు, వైట్‌ఫీల్డు హాలులో విన్నట్టే. కుర్చీల్లో మొదట పదిమంది ఉంటే, గంట ముగిసేసరికి నలభైమంది అయినారు. డోలు వాయించిన పెద్దాయన ఆ పత్రిక ఇంకొక రెండు కావాలని అడిగి తీసుకొన్నాడు, ఇంట్లో చూపించడానికంట.

పాత ఫోటోలోని నలుగురి పేర్లు ఇప్పుడు తెలుసుకొనే దారి మాకు లేదు. అవ్వ కూడా లేదు. కొత్త ఫోటో వెనక మాత్రం ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ రాసి పెట్టినాం, మేళంవాళ్ళతో సహా. మీ ఇంట్లోనూ ఇట్లాంటి పాత ఫోటోలు ఉంటాయి. పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, అంచున కూర్చొన్నవాళ్ళను గురించి ఈ పూటే అడగండి.