పగకు గణితం చాలునా?

1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని గుర్తించారు. ఆ వ్యాధిని అణచడానికి దోమలన్నింటినీ చంపనక్కరలేదని, వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెస్తే చాలునని తరువాత సమీకరణాలతో నిరూపించారు. ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన మెకెండ్రిక్, కెర్మాక్‌తో కలిసి 1927లో అంటువ్యాధులకు గణిత నమూనా రూపొందించి, బొంబాయి ప్లేగు మరణాలతో సరిపోల్చారు. అందులో జనం మూడు వర్గాలు: వ్యాధి సోకే అవకాశమున్నవారు, సోకినవారు, కోలుకునో మరణించో లెక్క నుండి తొలగినవారు.

తుపాకి హింసను సైతం అంటువ్యాధిగా చూడవచ్చునని ఇటీవలి దశాబ్దాలలో వాదన బలపడింది. షికాగోలో గ్యారీ స్లట్కిన్ అనే వైద్యుడు 2000లో ఇదే దృష్టితో పని ప్రారంభించారు. ప్రతీకారం జరగకముందే మధ్యవర్తులు బాధితుల వద్దకు చేరుకోవడం ఆ పద్ధతి. ఆలోచన విలువైనదే. అనంతపురం ఫ్యాక్షన్ చరిత్రతో పోల్చి చూస్తే దాని హద్దులు కూడా తెలుస్తాయి.

పరిటాల శ్రీరాములు 1975లో హత్యకు గురయ్యారు. ఆయన కుమారుడు, మాజీ మంత్రి రవీంద్ర 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం వద్ద తుపాకి గుళ్లకు బలయ్యారు. ఆయన ప్రత్యర్థి మద్దెలచెర్వు సూరి 2011 జనవరి 3న హైదరాబాదులో కారులోనే కాల్పులకు గురై మరణించారు. 2018లో న్యాయస్థానం ఆ కేసులో దోషిగా తేల్చినది ఎదుటి వర్గీయుడిని కాదు, సూరి అనుచరుడినే.

ప్లేగు సోకితే లక్షణాలు కొద్ది రోజులలో బయటపడతాయి. ఇక్కడ తండ్రి హత్యకు, కొడుకు హత్యకు నడుమ 30 ఏళ్లు. నమూనాలో మృతుడు లెక్క నుండి తొలగిపోతాడు. ఫ్యాక్షన్‌లో మృతుడి పేరే తరువాతి తరాన్ని కదిలిస్తుంది. తుపాకులను మాత్రమే లెక్కించినా చాలదు. సీమలో అంతకు ముందే వేటకొడవళ్లు, నాటుబాంబులు ఉన్నాయి. 1997 నవంబరులో జూబ్లీహిల్స్ కారుబాంబు 26 మందిని బలిగొన్నది.

శవపరీక్ష నివేదికలో వైద్యులము గాయం లోతు, గుండు దూరిన చోటు రాస్తాము. దాని వెనుకనున్న పాత తగాదాకు అందులో గడి లేదు. రాయనిది సమీకరణంలోకి రాదు.

సహాయం ముందుగా ఎక్కడికి పంపాలో గణితం చెప్పగలదు. ఎంతకాలం కొనసాగించాలో చెప్పవలసినది ఆ ఊరి చరిత్ర. ప్లేగు తగ్గితే వార్డు మూసివేయవచ్చు. హత్య జరిగిన ఇంటి పిల్లలను మాత్రం వారు పెద్దవారై స్థిరపడేవరకు ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు, బంధువులు కనిపెట్టుకుని ఉండాలి.