బుట్టచేతుల రవికె

ఆ మధ్య రుషికొండ బీచిలో మా మనుమరాలి పెళ్లి ఫోటోలు తీశారు. బుట్టచేతుల రవికె, జరీచీర, జడలో కనకాంబరాలు! టీవీలో ‘మహానటి’ చూసి ముచ్చటపడిందట. 2018లో వచ్చిన ఆ సినిమాలో సావిత్రి వేషానికి గౌరంగ్ షా ఆనాటి చీరలను మగ్గంపై తిరిగి నేయించారు. దుస్తులకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. సావిత్రి సినిమాలు చూసి 1950లలో మా అమ్మ తరంవారు కుట్టించుకున్న రవికెలే అవి. తరువాత నైలాన్, టెరిలిన్ వచ్చిన సంగతి మన సభ్యులకు గుర్తుండే ఉంటుంది. ఉతకడం తేలిక, ఇస్త్రీ అక్కరలేదు. పాతవి పెట్టెల అడుగుకు పోయాయి. అమ్మ జరీచీరను 1982లో నేనే స్టీలు సామాన్లవాడికిచ్చి బిందె పుచ్చుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు.

“తాతమ్మ చీర ఒక్కటైనా ఉందా తాతయ్యా?” అని అడిగింది పిల్ల. బిందె చూపించాను.