వాన కురవని కప్పు

బొమ్మరిల్లు కనబడితే మన చూపు ముందు లోపలికే పోతుంది. వేలిగోరంత పళ్ళేలు, అగ్గిపెట్టె అంత మంచాలు, గోడకి తపాలా బిళ్ళ సైజు పటాలు. కప్పు వైపు చూసేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఈ వస్తువు చరిత్ర కప్పు మీదే బాగా చదవొచ్చనిపిస్తుంది. ముఖ్యంగా అట్టముక్కలు కత్తిరించి, రంగు వేసి, వరుసలు వరుసలుగా అతికించిన కప్పు మీద.

మొదట్లో చాలావాటికి కప్పే లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో పెట్రొనెల్లా ఓర్ట్‌మన్ బొమ్మరిల్లు ఉంది. 1686-1710 మధ్య తయారైంది. జెస్సీ బర్టన్ 2014లో రాసిన 'ది మినియేచరిస్ట్' నవలకి ప్రేరణ ఇదే. ఎదురుగా నిలబడి చూస్తే అది ఇల్లు కాదు, తాబేటి చిప్ప తాపడం చేసిన బీరువా. తలుపులు తీస్తే గదులు. దాని మీద పెట్టిన డబ్బుతో ఆ ఊళ్ళో కాలువ ఒడ్డున నిజం ఇల్లే వచ్చేదంటారు. పిల్లలు ఆడుకోవడానికి కాదది, ఒక సంపన్న గృహిణి అతిథులకి చూపించుకోవడానికి. బీరువాకి చూరెందుకు?

కప్పున్న బొమ్మరిల్లు మధ్యతరగతి పిల్లల చేతికి రావడంలో అచ్చు యంత్రాల పాత్ర పెద్దది. అమెరికాలో, రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పటకెట్ ఊళ్ళో ఆర్. బ్లిస్ కంపెనీ ఉండేది. 1832లో మొదలైనప్పుడు వాళ్ళ సరుకు చెక్క మరలు, బిగింపులు. 1889 నుంచి బొమ్మరిళ్ళ ప్రకటనలు ఇచ్చారు. చెక్క పెట్టె కట్టి, దాని మీద లిథోగ్రఫీలో అచ్చేసిన రంగు కాగితం అతికించేవారు. ఇటుకలు, కిటికీలు, తెరలు, కప్పు మీద పెంకులు, అన్నీ అచ్చే. ఇల్లు ఇల్లులాగా కనబడింది, ధర దిగింది. కానీ కప్పు మీద చెయ్యి పెడితే నున్నగా జారిపోయేది.

ఆ కాగితం నకలు చేసింది ఏ పెంకుని? ఈశాన్య అమెరికా ఇళ్ళకి వేసే షింగిల్స్‌ని. ఇవి మట్టి పెంకులు కావు, సెడార్ లాంటి చెక్కతో చేసిన పల్చటి పలకలు. దుంగ మీద పొడవాటి కత్తి పెట్టి సుత్తితో కొట్టి చీల్చి, చిత్రిక పట్టేవారు. తర్వాత మరమిల్లులు వచ్చాయి. మామూలు కొలత తీసుకుంటే పలక పొడవు 16 అంగుళాలు, అందులో బయటికి కనబడేది 5 అంగుళాలే. మిగతా 11 పై వరుసల కింద దాక్కుంటాయి. అంటే కప్పు మీద ఎక్కడ వేలు పెట్టినా కింద మూడు పొరల చెక్క ఉన్నట్టు. పలక అడుగు అంచు మందం సుమారు 0.4 అంగుళం.

ఇప్పుడు చిన్న లెక్క. బొమ్మరిళ్ళకి బాగా వాడుకలో ఉన్న నిష్పత్తి 1:12, అడుగుకి అంగుళం. 0.4 అంగుళాన్ని 12తో భాగిస్తే 0.85 మిల్లీమీటరు. మన నోటు పుస్తకం వెనకట్ట మందం ఇంచుమించు అంతే! అచ్చు కాగితానికి లేనిదీ అట్టకి ఉన్నదీ ఇదే. ఆ కాస్త మందం కింది వరుస మీద సన్నని నీడ వేస్తుంది. కప్పుని కప్పుగా పోల్చుకోడానికి కంటికి పెంకు బొమ్మ అక్కర్లేదు, ఆ నీడ గీత చాలు.

1970లలో అమెరికాలో మినియేచర్ల పని పెద్దవాళ్ళ హాబీగా మళ్ళీ ఊపందుకుంది. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ మినియేచర్ ఎంథూసియాస్ట్స్ పుట్టింది 1972లోనే. కొయ్య పెంకులు కొనుక్కోగలిగినవాళ్ళు కొనుక్కుంటారు. లేనివాళ్ళకి అట్టపెట్టె ఉంది, కత్తెర ఉంది. 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల వాలు ఉన్న కప్పు ఒక పక్కకి, సెంటీమీటరుకో వరుస చొప్పున 30 వరుసలు. వరుసకి 50 అనుకుంటే 1500 పెంకులు. రెండు పక్కలకీ కలిపి 3000.

పని ఇలా సాగుతుంది. అతికించడానికి ముందే అట్టకి రెండు వైపులా లక్క పాలిష్ పట్టించాలి. ఒకవైపే పట్టిస్తే అటు ఒంకర తిరుగుతుంది. రంగు ఒకటే వేస్తే ప్లాస్టిక్‌లా ఉంటుంది కాబట్టి బూడిద రంగులో మూడు ఛాయలు కలుపుకుని, ఆరాక ముక్కలన్నీ పేకముక్కల్లా కలిపేయాలి. కత్తిరించిన అంచులకీ రంగు తగలాలి, లేకపోతే లోపలి అట్ట బయటపడి గుట్టు రట్టవుతుంది. తర్వాత పెన్సిల్‌తో గీతలు గీసి, చూరు దగ్గర మొదటి వరుస రెండు పొరలుగా వేసి, అక్కణ్ణుంచి పైకి. కింది వరుసలో రెండు పెంకుల మధ్య సందు ఎక్కడుందో పై వరుసలో అక్కడ సందు రాకూడదు. చివరికి రెండు వాలులు కలిసే చోట, పైన టోపీ పెట్టినట్టు మడత పెంకులు.

చూరు నుంచే ఎందుకు మొదలుపెట్టాలి? సందు మీద సందు ఎందుకు రాకూడదు? జవాబు ఒక్కటే: వాన. పై నుంచి జారే నీళ్ళు కింది పెంకు మీద పడాలి, దాని కిందికి దూరకూడదు. మన తాటాకు ఇళ్ళకీ, పెంకుటిళ్ళకీ ఇదే వరస. కానీ బొమ్మరింటి మీద వాన పడదు. పడితే ఆ అట్ట కప్పు గంట కూడా ఆగదు. తమాషా ఏమిటంటే ఈ కప్పుకి నీళ్ళ భయం పై నుంచి కాదు, కింద నుంచి. నీళ్ళు కలిసిన తెల్ల జిగురు రాస్తే అట్ట తాగేసి అంచులు పైకి లేస్తాయి. అందుకే ముందు లక్క.

అయితే ఇదంతా ఉత్త అనుకరణేనా? పూర్తిగా కాదు. అట్టతో కట్టేవాళ్ళు ఆ 11 అంగుళాల దాపుడు భాగాన్ని లెక్క ప్రకారం వెయ్యరు, రెండు మూడు మిల్లీమీటర్లు కప్పితే చాలనుకుంటారు. మూడు పొరలు వానకోసం. వాన లేదు కాబట్టి పోయాయి. సందుల దూరం, వరుసల నీడ మాత్రం ఉండిపోయాయి, ఎందుకంటే అవి లేకపోతే కన్ను ఒప్పుకోదు. ఏ తరాల వాళ్ళో తడిసి నేర్చుకున్న జాగ్రత్త ఇక్కడికొచ్చేసరికి అందం అయింది. సాఫ్ట్‌వేర్‌లో కారణం పోయాక మిగిలిన నియమాన్ని తీసిపారేయమంటాం, నేనూ రోజూ అదే చేస్తాను. ఇక్కడ మాత్రం ఆ నియమం తీసేస్తే మిగిలేది పెట్టె.

ఓర్ట్‌మన్ బీరువా వెనక డబ్బుంది, బ్లిస్ ఇంటి వెనక యంత్రం ఉంది. అట్ట కప్పు వెనక ఉన్నవి ఎవరివో ఖాళీ సాయంత్రాలు. వాటి ఖర్చు ఎక్కడా రాసి ఉండదు. మ్యూజియంలో కాకపోయినా ఎవరింట్లోనో అలాంటిది కనబడితే, తలుపు తియ్యకముందు ఒకసారి పైకి చూడండి. సందు మీద సందు పడకుండా వేశారో లేదో.