చెవిలో రెండు చుక్కలు

నందిగామ దగ్గర మా వీరులపాడులో చెవిపోటంటే వెల్లుల్లి వేసి కాచిన నూనే. అమ్మమ్మ వేలితో వేడి చూసి రెండు చుక్కలు పోసేది. సుశ్రుతుడు చెప్పిన కర్ణపూరణం కూడా ఇలాంటిదే.

చుక్క మారింది గత శతాబ్దంలో. మన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీలో పరిశోధనలు నడిపిస్తుండగా, మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఏడే ఆయన పోయారు. 1949లో వాక్స్‌మన్, లెషవాలియె నియోమైసిన్ కనుక్కున్నారు. అదీ మట్టిబిడ్డే. బయటి చెవి ఇన్ఫెక్షన్‌కి రాసే కొన్ని చుక్కల్లో నేటికీ ఉంది. అయితే కర్ణభేరికి చిల్లుంటే, ఆ మందే లోపలికి దిగి వినికిడిని దెబ్బతీయొచ్చు. డాక్టరు ముందు లైటు వేసి చూసేది అందుకే.

మొన్న మా పాపకి పాత సీసాలో మిగిలిన చుక్కలు వెయ్యబోయి ఆగాను. అమ్మమ్మ కనీసం వేడైనా చూసేది. నేను అదీ చూడలేదు.