విదర్భ పిల్ల, తెలుగు బొమ్మ

తెలుగు కావ్యాల్లో బొమ్మలపెళ్ళి చేసిన పిల్ల ఎవరని అడిగితే మొదట చెప్పవలసిన పేరు రుక్మిణిది. పోతన భాగవతం దశమస్కంధంలో కల్యాణ కథ ఊపందుకోక ముందే ఆమె బాల్యాన్ని ఒక సీసపద్యంలో కళ్ళకు కట్టించాడు. ఆ పిల్ల పదేపదే బొమ్మల పెళ్ళిళ్ళు చేస్తుంది. ఆ సంబంధాలతో తోటి ఆడపిల్లలకు వియ్యపురాలవుతుంది. గుజ్జనగూళ్ళు వండించి చెలులకు పెట్టిస్తుంది. చిలకలకూ గోరువంకలకూ చదువు చెబుతుంది. సంస్కృత భాగవతంలో ఈ ఆటలు కనిపించవు. అక్కడ భీష్మకుడి సంతానాన్ని పేర్కొని కథ కృష్ణుడి వైపు నడుస్తుంది. 15వ శతాబ్దపు ఓరుగల్లు సీమ కవి తన నేల మీది ఆటల్ని విదర్భ రాచబిడ్డ చేత ఆడించాడన్నమాట.

సిరోంచ వాళ్ళం ఈ పద్యాన్ని ఇంకొక కంటితో కూడా చదువుకోవచ్చు. మన ఊరు ఈనాడు విదర్భలోనే ఉంది. విదర్భ పిల్ల తెలుగు ఆట ఆడటం పోతనకు కవితా కల్పన. మనకది రోజూ వాకిట్లో కనిపించే సంగతి.

ఈ ప్రాంతపు రాజకీయ చరిత్రకు కాగితాలున్నాయి. 1860లో నిజాం ప్రభుత్వం సిరోంచను ఇంగ్లీషు వారికి అప్పగించింది. సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో ఆ జిల్లాను ఎత్తివేసి, మనల్ని చాందా జిల్లాలో తాలూకాగా కలిపారు. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర, 1982 ఆగస్టు 26 నుంచి గడ్చిరోలి జిల్లా. మన అర్జీలు వెళ్ళే పై కచేరీ హైదరాబాదు నుంచి నాగపూరుకు, అక్కడి నుంచి బొంబాయికి మారింది. ప్రతి మార్పుకూ ఒక ఉత్తర్వు, ఒక తేదీ ఉన్నాయి. అన్ని మార్పుల్లోనూ వేపచెట్టు కింద కూర్చుని ఆడపిల్ల తన బొమ్మతో ఏ భాషలో మాట్లాడిందో ఏ దస్తావేజులోనూ లేదు. తెలుగు ఇక్కడ నిలవడానికి ఆ మాటలూ ఒక కారణమని నా నమ్మకం.

బొమ్మల్లో రెండు రకాలు. కొలువులో పెట్టే బొమ్మ వేరు, ఒళ్ళో పడుకునే బొమ్మ వేరు. కొండపల్లి బొమ్మలనే తీసుకోండి. తేలికైన పొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతికించి, రంగులు వేస్తారు. చూడ ముచ్చటగా ఉంటుంది. కాని దానికి నీళ్ళు పోస్తే రంగు పోతుంది, కింద పడితే చెయ్యి విరుగుతుంది. అందుకే పెద్దలు దాన్ని పిల్లలకు అందని మెట్టు మీద పెడతారు. పిల్ల ప్రాణం పెట్టుకునేది గుడ్డబొమ్మ మీద. పాత చీర పేలికను చుట్టి, మెడ దగ్గర దారంతో బిగించి, బొగ్గుతో కళ్ళు దిద్ది, కుంకుమ బొట్టు పెడితే బిడ్డ తయారు. ఖర్చు లేదు. పైగా ఆ పేలికలో అమ్మమ్మ చీర వాసన ఉంటుంది.

ఇంగ్లండులో డొనాల్డ్ వినికాట్ అనే పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు 1953లో అచ్చయిన ఒక వ్యాసంలో ఇలాంటి వస్తువుల గురించి రాశాడు. పసివాళ్ళు విడవకుండా పట్టుకునే గుడ్డ, బొమ్మ పూర్తిగా తమలోదీ కాదు, పూర్తిగా బయటిదీ కాదు. దీన్ని నువ్వు కల్పించుకున్నావా, నీకు దొరికిందా అని బిడ్డను అడగకూడదన్నాడు. అది ఎంత మాసినా తల్లి ఉతకడానికి వెనుకాడుతుందని, ఉతికితే బిడ్డకు ఆ వస్తువుతో ఉన్న అనుబంధం తెగిపోవచ్చని గమనించాడు. మన ముసలమ్మలు ఆ వ్యాసం చదవలేదు. అయినా మాసిన బొమ్మను పొయ్యిలో వేయబోయిన కోడల్ని కేకలేసి ఆపేవారు.

ఈ బొమ్మకు జ్వరం వస్తుంది, దిష్టి తగులుతుంది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయవలసి వస్తుంది. పెళ్ళి కుదిరితే ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర తగాదా. అప్పగింతల దగ్గర ఏడుపు నిజమే. మర్నాడు పొద్దున్నే పెళ్ళికూతురి తల్లి వియ్యపురాలింటికి వెళ్ళి బొమ్మను తిరిగి తెచ్చేసుకోవడం కూడా నిజమే.

పక్కింటి మరాఠీ పిల్లకూ ఇదే లోకం. బొమ్మను బాహులీ అంటుంది, వంటలాటను భాతుకలీ అంటుంది. మనవాళ్ళు బొడ్డెమ్మ, బతుకమ్మ ఆడినట్టే విదర్భ ఆడపిల్లలు మట్టి భులాబాయిని పెట్టి పాటలు పాడతారు. పోళా మర్నాడు తాన్హా పోళాకు పిల్లలు కొయ్య ఎద్దుల్ని అలంకరించి ఇల్లిల్లూ తిప్పుతారు. ఈ ఆటలు కలిసి ఆడుకోవడంలో మన పిల్లలకు నష్టమేమీ లేదు. రెండు భాషల ఆస్తి వచ్చినట్టే.

బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నప్పుడు ఒకసారి చూశాను. ఒక తల్లి డబ్బు తీసుకోవడానికి వచ్చింది. ఆ రోజు నగదు రాలేదని గుమాస్తా మరాఠీలో చెప్పాడు. ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డ నాలుగేళ్ళ పిల్ల చంకలో గుడ్డబొమ్మ. "పైసలు రేపిస్తరంట, ఏడ్వకు బిడ్డా" అని బొమ్మ వీపు తట్టింది. ఎవరూ అడగకుండానే మరాఠీ కబురును తెలుగు చేసింది. బొమ్మకు తెలుగే వచ్చునని ఆ పిల్ల లెక్క.

ఆ పిల్లే రెండేళ్ళు గడిస్తే బడి ఆట ఆడుతుంది. అప్పుడు తాను పంతులమ్మ, బొమ్మ విద్యార్థిని. మన దగ్గర చాలామంది పిల్లలకు బడి మరాఠీలోనే కాబట్టి, బొమ్మ మీద కోపం వస్తే "గప్ప బస్" అంటుంది. రాత్రి దాన్ని పక్కన పడుకోబెట్టుకున్నప్పుడు మళ్ళీ తెలుగులోకి వస్తుంది. పగటి బడి మరాఠీ, రాత్రి జోల తెలుగు. ఈ కొలతలో భయపడవలసింది ఏమీ లేదు. ఆ రాత్రి మాట కూడా పోయిన నాడే భయపడాలి. ఫోను చేతికిచ్చి బొమ్మను అటక మీద పడేసిన ఇళ్ళలో పిల్ల వింటుందే గాని పలకదు. భాష వినడంతో రాదు, పలకడంతో వస్తుంది. తప్పులు దిద్దకుండా, విసుక్కోకుండా ఎంతసేపైనా వినేది బొమ్మ ఒక్కటే.

మన సంఘాలు తెలుగు బడుల కోసం అర్జీలు పెడుతూనే ఉండాలి. దానితో పాటు ఖర్చులేని పని ఒకటుంది. సిరోంచ, అంకిసా, ఆసరెల్లి వైపునే కాదు, చంద్రపూర్, బల్లార్షా, షోలాపూరు, భీవండిలో ఉన్న మన పెద్దమ్మలను కూర్చోబెట్టి అడగండి. చిన్నప్పుడు బొమ్మకు ఏ పేరు పెట్టేవారు, దేనితో చేసేవారు, పెళ్ళికి ఏం వండేవారు, జ్వరమొస్తే ఏమని ఊరడించేవారు? వాళ్ళు చెప్పిన మాటల్ని చెప్పిన యాసలోనే రాసి ఈ పత్రికకు పంపండి. పాత చీర ఒకటి చించి, ఇంట్లో చిన్నపిల్లకు ఒక బొమ్మ కూడా చుట్టి ఇవ్వండి.