మెట్ట సీమలో బడిపిల్లల బుర్రకథ

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలలో పనిచేసిన మన సభ్యులకు పాఠశాల వార్షికోత్సవాలలో జరిగే ‘వెరైటీ’ కార్యక్రమం గుర్తుండే వుంటుంది. ప్రార్థన, ఏకపాత్రాభినయం, కోలాటం, మిమిక్రీ, చివరకు బుర్రకథ. బుర్రకథ వుందంటే ప్రక్క ఊళ్ళ నుండి కూడ జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. ఈ కళ బడిపిల్లల వరకు ఎలా వచ్చిందో నేటి తరానికి చెప్పవలసిన అవసరం వుంది.

బుర్రకథకు పూర్వరూపం జంగం కథ. కొన్ని కులాలవారు ఊరూరా తిరిగి చెప్పి పొట్టపోసుకొనేవారు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడిన తరువాత అందులోకి బెంగాల్ కరువు, రైతుల కష్టాలు వచ్చాయి. నడుమ తంబురాతో కథకుడు, చెరొక ప్రక్క డక్కీలతో హాస్యం, రాజకీయం చెప్పే వంతలు. షేక్ నాజర్ దీనిని ఇంటింటికీ తెలిసిన కళగా చేశారు. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించింది. మోటూరి ఉదయం వంటి మహిళలు కూడ ఆ రోజులలోనే దళంగా ఏర్పడి కథ చెప్పారు. 1948 వరకు జగ్గయ్యపేట దాటితే నైజాం సరిహద్దే. అటు నైజాం ప్రభుత్వం, ఇటు మద్రాసు ప్రభుత్వం కూడ బుర్రకథను నిషేధించాయి.

విచిత్రమేమంటే, స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వమే దీనిని చేరదీసింది. 1954లో ఏర్పడిన కేంద్ర సాంగ్ అండ్ డ్రామా డివిజన్ కుటుంబ నియంత్రణ ప్రచారానికి బుర్రకథను వాడుకొన్నది. అలా నిషేధపు కళ సర్కారు బడి గడప త్రొక్కింది. తెరలు అక్కరలేదు, ముగ్గురు చాలు. నాలుగు బెంచీలు కలిపి కడితే వేదిక. మా పిల్లలు బడిలో చెప్పి ఊరుకోక, సమితి గ్రామాలకూ వెళ్ళేవారు.

నేను ఉపాధ్యాయునిగా వున్న రోజులలో ఒకసారి ముగ్గురు తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కథ నేర్చుకొన్నారు. ప్రదర్శన ముందురోజు ఒక పిల్ల తాతగారు వచ్చి, “జంగాల పాట మా పిల్ల పాడటమేమిటి మేష్టారూ?” అన్నారు. మోటూరి ఉదయం గారి సంగతి చెప్పి చూశాను, వినలేదు. మర్నాడు ఇద్దరే వేదికనెక్కారు. కథ సగమయ్యేసరికి ఆడవాళ్ళ మధ్య కూర్చున్న ఆ పిల్ల క్రింద నుండే “తందాన తాన” అని వంత అందుకొన్నది. జనమంతా వెనుదిరిగి చూశారు. తాతగారు తలవంచుకొన్నారు గాని, లేచిపోలేదు.

పిల్లలకు పాట రావటం ఒక ఎత్తు, పదిమంది ముందు నోరు విప్పటం ఒక ఎత్తు. ఆడపిల్ల వీధిలో నవ్వటమే తప్పుగా ఎంచిన పల్లెలలో, ఆడపిల్లే రాజకీయం చెబితే పెద్దలు కూర్చుని విన్నారు. కుల కట్టుబాటును కాస్తయినా సడలించినది ఆ బెంచీల వేదికే.

2022 నుండి మన రెండు ఊళ్ళూ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారినా జ్ఞాపకాలు మనవే. సభ్యుల ఇళ్ళలో ఆనాటి కరపత్రాలు, ఫోటోలు, చేతివ్రాత కథలు వుంటే సంఘ కార్యాలయానికి చేర్చండి. అంతకన్న ముందు, మీ మనుమరాలికి ఒక వంత నేర్పండి.